లెక్కలు కట్టారు, లెక్కలోకి రాలేదు

'హిడెన్ ఫిగర్స్' అనే సినిమా మనలో కొందరైనా చూసే ఉంటారు. సెలవు రోజు రూములో ఎవరో ఒకరు ఫోన్లో పెడితే, పక్కనున్న నలుగురూ చేరి చూసే రకం సినిమా అది. అందులో ఒక సీను చూసినవాళ్ళు మర్చిపోరు. నాసాలో పనిచేసే ఒక నల్లజాతి ఉద్యోగిని బాత్రూం కోసం వానలో అంత దూరం పరుగెత్తి వస్తుంది. సంగతి తెలుసుకున్న తెల్ల బాసు, నల్ల ఆడవాళ్ళకి వేరే బాత్రూం అని రాసున్న బోర్డుని అందరి ముందూ పగలగొట్టేస్తాడు.

చూడ్డానికి బాగుంటుంది. కానీ అది అలా జరగలేదు. ఆ బాసు కూడా సినిమా కోసం కల్పించిన మనిషే. బోర్డు తీసిన మాట మాత్రం నిజం. అది బాత్రూం బోర్డు కాదు, క్యాంటీన్ బోర్డు. తీసింది బాసు కాదు, అక్కడ కూర్చుని అన్నం తినే ఒక ఉద్యోగిని. ఆమె పేరు మిరియం మాన్.

ఈ ఏడాది మన సంచికలో ఆ ఆడవాళ్ళ చరిత్ర రాయాలనుకున్నాం. అంతరిక్షం సంగతులు మనకెందుకు అని కొందరు అడగొచ్చు. ఇది రాకెట్ల కథ కన్నా ఎక్కువగా పని కథ. పని చేసింది ఎవరు, కాయితం మీద పేరు పడింది ఎవరిది అన్న కథ.

క్యాంటీన్‌లో అట్టముక్క

అమెరికాలో వర్జీనియా రాష్ట్రంలో సముద్రం ఒడ్డున హాంప్టన్ అనే ఊరుంది. అక్కడ లాంగ్లీ అనే ప్రభుత్వ విమాన పరిశోధనశాల ఉంది. దాన్ని నడిపిన సంస్థని అప్పట్లో నాకా అనేవాళ్ళు. అదే 1958లో నాసా అయింది.

ఆ రోజుల్లో కంప్యూటర్ అంటే యంత్రం కాదు, మనిషి. మనకి ఫిట్టర్, వెల్డర్ ఎలాగో, అది కూడా అలాంటి ఉద్యోగం పేరే. కంప్యూట్ చేసేవాళ్ళు, అంటే లెక్క కట్టేవాళ్ళు, కంప్యూటర్లు. 1935లో ఐదుగురు తెల్ల ఆడవాళ్ళతో లాంగ్లీలో ఈ విభాగం మొదలైంది. 1943 నుంచి నల్లజాతి ఆడవాళ్ళని కూడా తీసుకున్నారు. కానీ వాళ్ళకి వేరే గది, వేరే బాత్రూం ఇచ్చారు. ఆవరణలో పడమటి వైపు కూర్చోబెట్టారు కాబట్టి వాళ్ళ విభాగానికి వెస్ట్ ఏరియా కంప్యూటర్స్ అని పేరు.

క్యాంటీన్‌లో వెనక ఒక బల్ల మీద, అది నల్లజాతి కంప్యూటర్లకి అని చెప్పే అట్టముక్క పెట్టేవాళ్ళు. మిరియం మాన్ కాలేజీలో కెమిస్ట్రీ చదువుకున్న మనిషి. ఆమె ఒకరోజు ఆ అట్టముక్కని తీసి తన సంచిలో వేసుకుని ఇంటికి తీసుకుపోయారు. కొన్నాళ్ళకి ఇంకోటి వచ్చింది. దాన్నీ తీశారు. మళ్ళీ పెట్టారు, మళ్ళీ తీశారు. దీని మీద ఉద్యోగం పోతుందని ఇంట్లో భర్త హెచ్చరించినా ఆమె మానలేదు. చివరికి ఒకరోజు అట్టముక్క మాయమయ్యాక, దాని చోట కొత్తది రాలేదు. విసుగు పుట్టింది పెట్టేవాళ్ళకే.

బల్ల మాత్రం అదే. బాత్రూంలు ఇంకా చాలా ఏళ్ళు వేరుగానే ఉన్నాయి. కానీ అన్నం తినేటప్పుడు ఎదురుగా ఆ మాట లేకుండా పోయింది. మెస్సుల్లో తిన్నవాళ్ళం కాబట్టి అది ఎంత పెద్ద సంగతో మనకి ఒకరు చెప్పక్కర్లేదు.

తలుపు తీయించింది రైలు కార్మికులు

నల్లజాతి ఆడవాళ్ళని లాంగ్లీ వాళ్ళు దయ తలచి పిలవలేదు. దాని వెనక ఒక యూనియన్ ఉంది.

అప్పట్లో అమెరికా రైళ్ళలో పుల్‌మన్ కంపెనీ స్లీపర్ బోగీలు నడిచేవి. వాటిలో పక్కలు వేయడం, సామాన్లు మోయడం, బూట్లు తుడవడం నల్లజాతి కార్మికుల పని. ప్రయాణికులు వాళ్ళందర్నీ 'జార్జ్' అనే పిలిచేవాళ్ళు. ఎందుకంటే కంపెనీ యజమాని పేరు జార్జ్ పుల్‌మన్. సైటు మీద మనల్ని 'రఫీక్' అనో, హెల్మెట్ మీద ఉన్న నంబరుతోనో పిలిచినట్టే.

ఆ కార్మికులు 1925లో యూనియన్ పెట్టుకున్నారు. నాయకుడిగా ఫిలిప్ రాండాల్ఫ్‌ని తెచ్చుకున్నారు. ఆయన బోగీల్లో పనిచేసినవాడు కాదు. అందుకే ఆయన్ని ఉద్యోగం నుంచి తీసేస్తామని కంపెనీ బెదిరించలేకపోయింది. కంపెనీతో ఒప్పందం మీద సంతకం పెట్టించడానికి యూనియన్‌కి పన్నెండేళ్ళు పట్టింది. 1937లో అది సాధించారు.

రెండో ప్రపంచ యుద్ధం ముంచుకొస్తున్న రోజుల్లో అమెరికాలో విమానాల కంపెనీలు, ఓడల కంపెనీలు మనుషుల కోసం వెతుక్కుంటున్నా, నల్లజాతి వాళ్ళని గేటు బయటే ఆపేసేవి. అప్పుడు రాండాల్ఫ్, 1941 జులై 1న లక్ష మందితో రాజధాని వాషింగ్టన్‌కి వస్తామని ప్రకటించాడు. వద్దని ప్రభుత్వం బతిమాలింది. ఆయన వెనక్కి తగ్గలేదు. ఇంకా ఆరు రోజులుందనగా, జూన్ 25న అధ్యక్షుడు రూజ్వెల్ట్ 8802 నంబరు ఉత్తర్వు మీద సంతకం పెట్టాడు. ప్రభుత్వ ఉద్యోగాల్లో, యుద్ధ పరిశ్రమల్లో జాతి, రంగు, మతం, పుట్టిన దేశం చూసి ఎవరికీ పని లేదనకూడదని దాని సారాంశం. ఊరేగింపు ఆగింది, ఉత్తర్వు నిలిచింది.

రెండేళ్ళ తర్వాత లాంగ్లీలో నల్లజాతి ఆడవాళ్ళకి పని దొరికిందంటే ఆ ఉత్తర్వు వల్లే. రైల్లో పక్కలు వేసేవాళ్ళు చందాలు వేసుకుని నడిపిన యూనియన్, తాము ఎప్పుడూ చూడని లెక్కల టీచర్లకి తలుపు తీయించింది.

యుద్ధం అయ్యేదాకా అనుకున్న ఉద్యోగం

అలా వచ్చిన వాళ్ళలో డొరతీ వాన్ ఒకరు. 1910లో పుట్టారు. 1929లో డిగ్రీ పూర్తి చేసి, వర్జీనియాలోనే ఫార్మ్‌విల్ అనే ఊళ్ళో నల్లజాతి పిల్లల హైస్కూల్లో లెక్కల టీచరుగా చేశారు. ఏడాదికి 850 డాలర్ల జీతం. అది చాలక 1943 వేసవి సెలవుల్లో ఒక సైనిక శిబిరం లాండ్రీలో, గంటకి 40 సెంట్ల కూలికి బట్టలు వేరుచేసే పనికి పోయారు. అదే ఏడాది డిసెంబరులో లాంగ్లీలో చేరారు. అక్కడ ఏడాదికి 2000 డాలర్లు.

రెట్టింపు కన్నా ఎక్కువ జీతం వచ్చింది, దానికి బదులు ఇల్లు దూరమైంది. నలుగురు పిల్లల్ని ఇంట్లో పెద్దవాళ్ళకి అప్పజెప్పి, రెండు వందల కిలోమీటర్లకి పైన వచ్చి, అద్దె గదిలో దిగారు. యుద్ధం ఉన్నన్నాళ్ళే కదా అనుకున్నారు. తర్వాత పిల్లల్ని తన దగ్గరికే తెచ్చుకున్నారు. ఆ ఉద్యోగం నుంచి ఆమె రిటైరయింది 1971లో. రెండేళ్ళు చేసి వచ్చేస్తానని చెప్పి విమానం ఎక్కి, పదిహేనేళ్ళు దాటిన వాళ్ళు ఈ పుస్తకం చదివేవాళ్ళలో చాలామందే ఉన్నారు. వాళ్ళకి డొరతీ గారి లెక్క ఇట్టే అర్థమవుతుంది.

అక్కడ పని ఎలా ఉండేదంటే, పెద్ద గాలి సొరంగంలో విమానం నమూనాని నిలబెట్టి, బలంగా గాలి వదులుతారు. రెక్క మీద ఎక్కడ ఎంత ఒత్తిడి పడుతోందో మీటర్లు చూపిస్తాయి. అవి ఫిల్ము మీద గీతలుగా పడతాయి. ఈ ఆడవాళ్ళు ఆ గీతల్ని కంటితో చదివి, అంకెలుగా మార్చి, పెద్ద పెద్ద కాయితాల మీద గళ్ళలో నింపాలి. ఈ గడిని ఆ గడితో గుణించు, వచ్చినదాన్ని మరో గడితో భాగించు అంటూ వరసగా పోవాలి. చేతిలో స్లైడ్ రూలు, బల్ల మీద మీటలు నొక్కే లెక్కల యంత్రం. ఒక్క గడి తప్పితే కింద ఉన్నవన్నీ తప్పే. చివరికి వచ్చిన జవాబులు ఇంజనీరుకి పోతాయి. ఇంజనీరు రిపోర్టు రాస్తాడు. రిపోర్టు మీద ఇంజనీరు పేరుంటుంది.

1949లో ఆ విభాగం బాధ్యత డొరతీ వాన్‌కి అప్పజెప్పారు. నాకాలో ఒక నల్లజాతి వ్యక్తి సూపర్‌వైజర్ కావడం అదే మొదలు. పని ముందు ఇచ్చారు, పూర్తి హోదా కాయితం మీద రావడానికి 1951 దాకా పట్టింది. ఆమె తన కింద పనిచేసే వాళ్ళ జీతాల గురించి, ప్రమోషన్ల గురించి పైవాళ్ళతో గట్టిగా మాట్లాడేవారు. అవసరమైతే తెల్ల ఆడవాళ్ళ తరఫున కూడా. తర్వాత నిజం కంప్యూటర్లు, అంటే యంత్రాలు వచ్చాయి. చేత్తో లెక్క కట్టేవాళ్ళ పని పోతుందని గ్రహించి, ఫోర్‌ట్రాన్ అనే కంప్యూటర్ భాష ఆమె నేర్చుకున్నారు, తనవాళ్ళకీ నేర్పారు.

1958లో నాకా పోయి నాసా వచ్చినప్పుడు వేరు గదులు రద్దయ్యాయి. వెస్ట్ ఏరియా విభాగాన్ని ఎత్తేశారు. దాంతో డొరతీ గారి సూపర్‌వైజర్ హోదా కూడా పోయింది. ఆ తర్వాత అలాంటి హోదా మళ్ళీ ఆమెకి ఇవ్వలేదు. మంచి మార్పు వచ్చినప్పుడు కూడా దాని ఖర్చు కొంతమంది మీదే పడుతుంది.

ఇంకో సంగతి. ఆమె పాఠాలు చెప్పిన ఫార్మ్‌విల్ బడిలోనే 1951లో పిల్లలు సమ్మె చేశారు. తారు కాయితం కప్పిన పాకల్లో చదవలేమన్నారు. ఆ కేసు సుప్రీంకోర్టు దాకా పోయి, బడుల్లో జాతి విభజన చెల్లదన్న 1954 తీర్పులో భాగమైంది. ఆ తీర్పు అమలు చెయ్యాల్సి వస్తుందని ఆ జిల్లా వాళ్ళు 1959 నుంచి 1964 దాకా ప్రభుత్వ బడులే మూసేశారు. అదే రాష్ట్రంలో, అవే ఏళ్ళలో, నల్లజాతి ఆడవాళ్ళు మనిషిని అంతరిక్షంలోకి పంపే లెక్కలు కడుతున్నారు.

అడిగితేనే

మేరీ జాక్సన్ హాంప్టన్ ఊరి మనిషే. 1951లో వెస్ట్ ఏరియాలో చేరారు. ఒకసారి ఆవరణలో తూర్పు వైపు పని పడింది. నా బాత్రూం ఎక్కడ అని అడిగితే అక్కడి తెల్ల ఆడవాళ్ళు నవ్వారు. మీ బాత్రూం మాకెలా తెలుస్తుంది అన్నట్టు. ఆ మంటతో వస్తుంటే చార్నెక్కీ అనే ఇంజనీరు ఎదురుపడ్డాడు. ఆమె కడుపులోది కక్కేశారు. ఆయన విని, నా దగ్గర పనిచేస్తారా అని అడిగాడు. ఆయన పనిచేసేది 60000 హార్స్‌పవర్ గాలి సొరంగంలో, ధ్వని కన్నా వేగంగా గాలి పోయే చోట.

ఇంజనీరు కావాలంటే ఆమెకి ఇంకొన్ని రాత్రి క్లాసులు కావాలి. అవి జరిగేది తెల్లపిల్లల హాంప్టన్ హైస్కూల్లో. పుట్టి పెరిగిన ఊళ్ళో, ఆ బడి గుమ్మం తొక్కడానికి ఊరి అధికారుల అనుమతి అడగాల్సి వచ్చింది. అడిగారు, తెచ్చుకున్నారు, చదివారు. 1958లో నాసా మొదటి నల్లజాతి మహిళా ఇంజనీరు అయ్యారు.

కేథరిన్ జాన్సన్‌ది వెస్ట్ వర్జీనియా. వాళ్ళ జిల్లాలో నల్లజాతి పిల్లలకి ఎనిమిదో తరగతి దాటాక బడే లేదు. పిల్లల చదువు కోసం కుటుంబం ఇంకో ఊరికి కాపురం మార్చింది. 18 ఏళ్ళకే డిగ్రీ పూర్తి చేశారు. 1953లో లాంగ్లీలో చేరిన రెండు వారాలకే విమాన పరిశోధన విభాగానికి ఆమెని పంపారు. మూడేళ్ళు తిరిగేసరికి జబ్బుతో భర్త పోయాడు. ముగ్గురు ఆడపిల్లలు. ఉద్యోగం వదల్లేదు.

ఇంజనీర్ల మీటింగులకి ఆడవాళ్ళని రానిచ్చేవాళ్ళు కాదు. నేనూ రావచ్చా అని ఆమె అడిగారు. ఆడవాళ్ళు రారు అన్నారు. రాకూడదని చట్టమేమన్నా ఉందా అని అడిగారు. లేదు. అడిగి అడిగి, చివరికి లోపలికి వెళ్ళారు.

1960లో వచ్చిన ఒక రిపోర్టు గురించి ఇక్కడ చెప్పాలి. భూమి మీద మనం అనుకున్న చోటు పైకి ఉపగ్రహం రావాలంటే, రాకెట్ ఇంజను ఆగే క్షణంలో అది ఏ దిక్కుకి తిరిగి ఉండాలి అన్నది అందులో లెక్క. నౌక ఒకసారి చుట్టి వచ్చే గంటన్నరలో కింద భూమి కూడా 22 డిగ్రీల దాకా తిరిగిపోతుంది. జాతరలో రంగులరాట్నం మీద తిరుగుతూ, అదే రాట్నంలో మరో గుర్రం మీద పడేట్టు బంతి విసరడం లాంటిది. కేథరిన్ గారు వెనక నుంచి లెక్క కట్టేవారు. మనిషి ఎక్కడ దిగాలో ముందు చెప్పండి, ఎప్పుడు ఎక్కణ్ణించి పంపాలో నేను చెప్తాను అనేవారు. ఆమెతో కలిసి పనిచేసిన స్కోపిన్‌స్కీ అనే ఇంజనీరు, వేరే చోటికి బదిలీ అయి పోతూ, ఈ పనిలో చాలా భాగం ఆమెదే, ఆమే పూర్తి చెయ్యాలి అని పైవాళ్ళకి చెప్పాడు. రిపోర్టు మీద ఇద్దరి పేర్లూ పడ్డాయి. ఆ విభాగంలో ఒక ఆడమనిషి పేరు రచయితగా అచ్చవడం అదే మొదటిసారి.

1962 ఫిబ్రవరి 20న జాన్ గ్లెన్ ఫ్రెండ్‌షిప్ 7 నౌకలో భూమిని మూడుసార్లు చుట్టి వచ్చాడు. లెక్కలు యంత్రం కట్టింది. గ్లెన్‌కి కొత్త యంత్రం మీద నమ్మకం చాల్లేదు. ఆ అమ్మాయిని చూడమనండి, ఆమె సరే అంటే నేను రెడీ అన్నాడు. ఆ అమ్మాయికి అప్పుడు 43 ఏళ్ళు. ఆమె చిన్న లెక్కల యంత్రం ముందు కూర్చుని, పెద్ద యంత్రం కట్టిన అంకెలన్నీ ఒకటిన్నర రోజు పాటు మళ్ళీ కట్టి, సరిపోయాయని చెప్పారు. ప్రాణం పెట్టేంత నమ్మకం ఉంది, పేరు మాత్రం నోట రాలేదు.

గ్లెన్ ఫొటో అన్ని పేపర్లలో వచ్చింది. కేథరిన్ గారి గురించి రాసింది పిట్స్‌బర్గ్ కొరియర్ లాంటి నల్లజాతి వాళ్ళ పత్రిక. తమవాళ్ళ పేరు తమ పత్రికే వేసుకుంది.

కత్తిరించిన ఫొటో

ఒహాయో రాష్ట్రంలో క్లీవ్‌లాండ్ అనే ఊళ్ళో నాకాకి ఇంకో పరిశోధనశాల ఉండేది. 1955లో ఆనీ ఈస్లీ అక్కడ చేరారు. దాదాపు 2500 మంది ఉద్యోగుల్లో నల్లజాతి వాళ్ళు ఆమెతో కలిపి నలుగురు. తర్వాత సెంటార్ అనే రాకెట్ కోసం కంప్యూటర్ ప్రోగ్రాములు రాశారు. ఒకసారి ఆరుగురు కలిసి పనిచేస్తుండగా ఫొటో తీశారు. జనం చూడటానికి వచ్చే రోజున దాన్ని పెద్దది చేసి పెట్టారు. చూస్తే, ఆమె ముఖం ఉన్న ముక్క కత్తిరించేసి ఉంది. పేరు రాయకపోవడం మర్చిపోవడం అనుకోవచ్చు. కత్తెర పట్టుకోవడం మర్చిపోవడం కాదు.

1967లో క్రిస్టీన్ డార్డెన్ లాంగ్లీలో చేరేనాటికి బోర్డులు లేవు. అయినా ఆమె చదివిన చదువే చదివిన మగవాళ్ళని ఇంజనీర్లుగా, ఆడవాళ్ళని లెక్కలు కట్టేవాళ్ళుగా వేసేవాళ్ళు. ఎందుకలా అని ఆమె పై అధికారిని అడిగారు. ఇంతవరకూ ఎవరూ ఈ మాట అడగలేదే అన్నాడాయన. ఆమెని ఇంజనీరింగ్‌కి మార్చారు. ధ్వనిని దాటిపోయే విమానాల చప్పుడు మీద ఆమె పెద్ద నిపుణురాలయ్యారు.

ఈ చరిత్ర లోకానికి తెలిసింది 2016లో, మార్గో లీ షెటర్లీ 'హిడెన్ ఫిగర్స్' పుస్తకం రాశాక. ఆవిడ హాంప్టన్‌లో పెరిగిన మనిషి, తండ్రి కూడా లాంగ్లీ ఉద్యోగే. హాంప్టన్ నల్లజాతి ఇళ్ళల్లో, చర్చిల్లో వీళ్ళు అందరికీ తెలిసినవాళ్ళే. వాళ్ళు దాక్కున్నవాళ్ళు కాదు. బయటివాళ్ళే వెతకలేదు. డొరతీ వాన్ 2008లో, మేరీ జాక్సన్ 2005లో పోయారు. ఆ పుస్తకం వాళ్ళు చూడలేదు. కేథరిన్ జాన్సన్‌కి 2015లో, 97 ఏళ్ళ వయసులో, దేశాధ్యక్షుడు ఒబామా పతకం ఇచ్చాడు. 2020లో, 101 ఏళ్ళకి పోయారు. ఇప్పుడు వాషింగ్టన్‌లో నాసా ప్రధాన కార్యాలయానికి మేరీ జాక్సన్ పేరుంది. 2019లో అమెరికా పార్లమెంటు వీళ్ళకి బంగారు పతకాలు ప్రకటించే చట్టం చేసింది. నాలుగు పతకాలు నలుగురికి. ఐదోది, 1930ల నుంచి 1970ల దాకా అక్కడ లెక్కలు కట్టిన ఆడవాళ్ళందరికీ కలిపి.

అంతమందికీ కలిపి ఒక్కటే.

మన సంగతి

వాళ్ళూ మనమూ ఒకటే అని చెప్పడం లేదు. వాళ్ళు సొంత దేశంలో ఉన్నారు, కాలేజీ చదువులు చదివారు. మనలో ఎక్కువమందిమి పరాయి దేశంలో, ఒకరి సంతకం మీద బతుకుతున్నవాళ్ళం. అడిగితే ఏమవుతుందో అన్న భయం మనకి ఇంకో రకంగా ఉంటుంది. కానీ ఐటీఐ పాసై హెల్పర్‌గా వీసా కొట్టించుకున్న తమ్ముడికి, నర్సింగ్ చదివి ఇంటిపనికి పోయిన చెల్లెలికి, క్రిస్టీన్ డార్డెన్ అడిగిన ప్రశ్న కొత్తది కాదు. ఒంటరిగా అడగలేనిది నలుగురం కలిసి అడగొచ్చని రైలు కార్మికులు చూపించారు. ఈ వేదిక ఉన్నది అందుకే.

మన చేతుల్లో ఉన్న పని ఇంకోటుంది. మనం కట్టిన టవర్లకి, మెట్రోలకి, స్టేడియాలకి ప్రారంభం రోజున శిలాఫలకం వేస్తారు. దాని మీద మన పేర్లుండవు. కంపెనీ మారేటప్పుడు, ఇంటికి వచ్చేసేటప్పుడు ఎక్స్‌పీరియెన్స్ సర్టిఫికెట్ అడిగి తీసుకోండి. అందులో మీరు నిజంగా చేసిన పని రాయించుకోండి. హెల్పర్ అని కాక, చేసింది వెల్డింగ్ అయితే వెల్డింగ్ అని.

ఈ పుస్తకం చివర రెండు పేజీలు ఖాళీగా వదిలాం. మీ పేరు, ఊరు, ఏ దేశంలో ఏ ఏడాది నుంచి ఏ ఏడాది దాకా ఏ పని చేశారో రాయండి. మీతో పనిచేసి చనిపోయినవాళ్ళుంటే వాళ్ళ పేర్లు ముందు రాయండి. రాయడం రానివాళ్ళకి పక్క మంచం వాళ్ళు రాసిపెట్టండి. ఫొటో తీసి వేదికకి పంపితే, వచ్చే ఏడాది సంచికలో అన్నీ పేర్లతో సహా వేస్తాం.